రాయలవారి డెడ్ లింకులు

గూగుల్లో శ్రీకాకుళం అని కొట్టి చూడండి. వచ్చేదంతా ఉత్తరాంధ్ర శ్రీకాకుళమే. జిల్లా కలెక్టరేటు, అరసవల్లి, నాగావళి వంతెన... వాళ్ళ తప్పేం లేదు లెండి, పెద్ద ఊరు. నేను చెప్పబోయేది ఇంకో శ్రీకాకుళం గురించి. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న పల్లె. బందరుకీ అవనిగడ్డకీ మధ్య తిరిగేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి చెబితే "అదేంటి, అది వైజాగ్ దాటాక కదా" అంటారు. మన భాషలో చెప్పాలంటే నేమ్‌స్పేస్ లేకుండా ఒకే పేరు రెండు చోట్ల వాడుకున్నారు, పెద్దది చిన్నదాన్ని కప్పేసింది.

ఈ చిన్న శ్రీకాకుళం గొప్పదనం ఏమిటంటే, శ్రీకృష్ణదేవరాయలకి కల వచ్చింది ఇక్కడే. ఉదయగిరి, కొండవీడు కోటలు పడ్డాక 1515-16 ప్రాంతాల్లో కళింగం మీదికి వెళ్తూ, బెజవాడలో కొన్నాళ్ళుండి, శ్రీకాకుళం వచ్చి ఆంధ్ర మహావిష్ణువుని సేవించి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి గోదాదేవి పెళ్ళి కథ తెలుగులో రాయమన్నాడు. ఈ మాట రాయలే ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకున్నాడు. తెలుగు గొప్పతనం గురించి మనం టీషర్టుల మీద కూడా అచ్చేసుకునే ఆ పద్యం అక్కడిదే.

అందరూ ఆ పద్యం దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం అంతకు ముందు వచ్చే జాబితా మీద ఆసక్తి. స్వామి రాయలతో "నువ్వు సంస్కృతంలో ఇన్ని రాశావు కదా, తెలుగు నీకు కష్టమా" అన్న ధోరణిలో ఆయన పాత పుస్తకాల పేర్లు వరసగా చెబుతాడు. మదాలస చరిత్ర, సత్యావధూప్రీణనం, సకలకథాసార సంగ్రహం, జ్ఞానచింతామణి, రసమంజరి. మొత్తం ఐదు. వాటిలో ఒక్కటి కూడా ఇవాళ మనకి దొరకదు! రాయల సంస్కృత రచనల్లో మిగిలిందని చెప్పేది జాంబవతీ కల్యాణం అనే నాటకం ఒక్కటే. అంటే ఆ పద్యంలో ఉన్నవి ఐదు లింకులు, ఐదూ 404.

రాసినవాడు ఎవరు? దక్షిణ దేశానికంతటికీ చక్రవర్తి. స్టోరేజికి డబ్బు లేకనా? లేఖకులు లేకనా? అయినా పోయాయి. అదే మనిషి తెలుగులో రాసింది మాత్రం, విజయనగరం 1565లో కూలిపోయినా, పాఠభేదాలతో సహా మన చేతికొచ్చింది. ఎందుకంటారు? భక్తి ఉన్నవాళ్ళు స్వామి మహిమ అంటారు, నేను కాదనను. ఇంజనీరుగా నాకు తోచింది మాత్రం వేరు. సంస్కృతంలో అలాంటివి దేశమంతా రాశారు, ఒకటి పోతే ఇంకోటి. తెలుగులో అలాంటిది ఇంకోటి లేదు. కాబట్టి చదవాలనుకున్న ప్రతివాడూ తన కోసం ఒక కాపీ రాయించుకున్నాడు. నిలబెట్టింది రాజుగారి గ్రంథాలయం కాదు, ఎక్కడెక్కడి ఇళ్ళలోనో అటకల మీద ఉన్న కాపీలు.

తాటాకు గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మనం దాన్ని అపురూపంగా చూస్తాం గానీ అదొక స్టోరేజి మీడియం అని మర్చిపోతాం. ఆకుని ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, సమంగా కోసి, గంటంతో గీస్తారు. గీసినప్పుడు అక్షరం సరిగ్గా కనపడదు. పైన మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అప్పుడు కనపడుతుంది. చిల్లు పెట్టి తాడు దూర్చి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి కడతారు. తాడు తెగితే పేజీలు కలిసిపోతాయి. మన డెల్టా ఉక్కకీ చెదకీ అది వందా రెండొందల ఏళ్ళు ఆగితే గొప్ప. అందుకని ప్రతి రెండు మూడు తరాలకీ ఎవడో ఒకడు కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎత్తి రాయాలి. అంటే మైగ్రేషన్ అనేది ఎప్పుడో విపత్తు వచ్చినప్పుడు చేసే పని కాదు వాళ్ళకి, మామూలు ఇంటి పని. రాయకపోతే, ఆ తరంతో సరి.

ఇక్కడికి దగ్గర్లోని బందరులోనే 1820లలో కొన్నాళ్ళు సి.పి.బ్రౌన్ కంపెనీ ఉద్యోగం చేశాడు. తర్వాత రాజమండ్రి, కడప... అంతా తిరిగాడు. బ్రౌన్ దొరని మనం నిఘంటువు కోసం తల్చుకుంటాం గానీ, నా దృష్టిలో ఆయన చేసిన అసలు పని ఇంకోటి. ఒకే పుస్తకానికి దొరికినన్ని ప్రతులు కొని, పక్కపక్కన పెట్టి, పండితుల చేత తేడాలు పోల్పించి, శుద్ధప్రతి రాయించేవాడు. డిఫ్ తీసి మెర్జ్ చేయడమే ఇది. కాకపోతే జీతం ఇచ్చి మనుషుల చేత చేయించాడు, చాలాసార్లు సొంత డబ్బుతో. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు. మెకంజీ చనిపోయాక (1821) ఆయన సేకరించిన కైఫీయతులు పుచ్చిపోతుంటే వాటిని మళ్ళీ కొత్త కాగితాల మీదికి ఎత్తి రాయించింది కూడా బ్రౌనే. ఇవాళ మన ఊళ్ళ చరిత్ర అంటూ ఎవరైనా కైఫీయతు ముక్క చూపిస్తే, అది చాలావరకు ఆ రెండో కాపీ పుణ్యం.

కాపీలు తీయడం ఒక ఎత్తు. ఆ కాపీ చదవగలగడం ఇంకో ఎత్తు. దీనికీ దూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళం పక్కనే ఘంటసాల ఉంది. టాలెమీ రాసిన కంటకస్సిల అనే రేవు ఇదే అని చరిత్రకారులంటారు. అక్కడి బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన శాసనాల్లో ఒకటి శివకుడు అనే మహానావికుడిది. ఓడ నడిపే పెద్ద అన్నమాట. రాయి మీద చెక్కాడు కాబట్టి హార్డ్‌వేర్ ఫెయిల్యూర్ లేదు. కానీ బ్రాహ్మీ లిపి మన దేశంలో అందరూ మర్చిపోయారు. 1837లో ప్రిన్సెప్ ఆ లిపిని మళ్ళీ చదవడం కనిపెట్టేదాకా ఇలాంటి రాళ్ళన్నీ మనకి గీతలే. మీడియా భద్రం, బైట్లు భద్రం, ఎన్‌కోడింగు టేబులు మాత్రం పోయింది.

ఇది చదివి "వెయ్యేళ్ళు పట్టింది కదా" అనుకోకండి. మనం అదే పని పదిహేనేళ్ళలో చేసి చూపించాం :)

1990లలో అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కంప్యూటర్లో తెలుగు లేదు. రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఆర్‌టీఎస్ అనే పద్ధతి పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలతోనే, ఏ అక్షరానికి ఏ గుర్తు అన్నది ఖచ్చితంగా. అప్పట్లో కొందరు ఇదేం తెలుగు అని ముక్కు విరిచారు గానీ, చూడండి, ఆ రోజు ఆర్‌టీఎస్‌లో రాసింది ఇవాళ ఒక స్క్రిప్టు రాసి నిమిషంలో మంచి తెలుగులోకి మార్చుకోవచ్చు. నియమం స్పష్టంగా ఉంది, రాసింది ఉత్త టెక్స్టు. అంతకన్నా ఏం కావాలి?

అందంగా కనపడాలనుకున్నవాళ్ళ దారి వేరు. 256 గళ్ళున్న ఫాంటు తీసుకుని, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టారు. అక్షరాలు కాదు, ముక్కలు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో. ఇది పాత అచ్చాఫీసు పద్ధతే. బందరులో 1902లో మొదలైన కృష్ణాపత్రిక రోజుల్లో కంపోజిటరు సీసపు దిమ్మల్ని పేర్చినట్టు పేర్చడం. కాగితం మీద అచ్చు పడ్డాక ఎలా పేర్చారన్నది ఎవడికీ అక్కర్లేదు, ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకీయం ఇప్పుడు తీసినా చదువుకోవచ్చు. వెబ్ పేజీ అలా కాదు కదా. పేర్చిన పద్ధతే అక్కడ ఫైలు. ఫాంటు లేకపోతే చదివేవాడికి కనపడేది ఇంగ్లీషు అక్షరాల కిచిడీ. సెర్చికి దొరకదు, ఇంకో చోటికి కాపీ చేస్తే పని చేయదు. పైగా ఈనాడుది ఒక అమరిక, వార్తది ఒక అమరిక, ఇంకో పేపరుది ఇంకోటి. ఫాంటు దానంతటదే దిగడానికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఒక రకం ఫైలు, నెట్‌స్కేప్‌కి ఇంకో రకం.

ఇదంతా జరుగుతున్నప్పుడు యూనికోడ్ లేదా అంటే ఉంది! 1991లో వచ్చిన మొదటి వెర్షన్లోనే తెలుగుకి గళ్ళు కేటాయించారు, మన ఇస్కీని చూసి. కానీ టేబులు ఉంటే సరిపోదు, దాన్ని చూపించే సిస్టమ్ ఉండాలి. అది మామూలు జనాల దగ్గరికి 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అదీ నేరుగా కాదు. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి కాంప్లెక్స్ స్క్రిప్టులు అన్న చోట టిక్కు పెడితే "సీడీ పెట్టు" అనేది. ఆ సీడీ ఎవరి దగ్గరుండేది చెప్పండి? అంటే, ప్రమాణం పుట్టడానికీ పెరట్లోకి రావడానికీ మధ్య పదేళ్ళు. ఆ పదేళ్ళలోనే తెలుగు వెబ్ బాల్యం గడిచింది, ఆ బాల్యం తాలూకు ఫోటోలే మన దగ్గర లేవు.

తర్వాతి కథ మీలో చాలామందికి తెలుసు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలెట్టిన తెలుగు వికీపీడియా. ఆయనే రాసిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ యాడాన్ ఆ పేపర్ల కిచిడీని అప్పటికప్పుడు యూనికోడ్లోకి మార్చి చూపించేది. అదే పద్మ ఆధారంగా 2006లో వీవెన్ లేఖిని. ఒక పెట్టెలో ఇంగ్లీషు కీలు కొడితే ఇంకో పెట్టెలో తెలుగు. ఏ ఇన్‌స్టాలూ లేదు, ఏ సీడీ లేదు. నా మటుకు నాకు తెలుగు కంప్యూటింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ పని చేసిన పరికరం అదే. ఏ ప్రభుత్వ ప్రాజెక్టు కన్నా కూడా.

కానీ పద్మ పాత తరహా యాడాన్. 2017లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి ఆ తరహా మొత్తానికి తలుపు మూసేసింది. ఆ ఫాంటు ఫైళ్ళని నమ్ముకున్న ఎక్స్‌ప్లోరర్‌ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో పక్కన పెట్టేసింది. ఇప్పుడు 2000 నాటి ఒక తెలుగు పేజీ వేబ్యాక్ మెషిన్లో దొరికిందే అనుకోండి, అందులో బైట్లున్నాయి, చదివే మనిషి లేడు. శివకుడి శాసనంలాగే. మారకాలు ఎలా రాయాలో తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు, అదొక్కటే ధైర్యం.

యూనికోడ్ వచ్చాక అన్నీ తీరిపోయాయా అంటే, అదీ లేదు. శ్రీకాకుళం అన్న మాటనే తీసుకోండి. బడి పిల్లాడిని అడిగితే నాలుగు అక్షరాలంటాడు. యూనికోడ్ లెక్కలో పది. యూటీఎఫ్-8లో ముప్ఫై బైట్లు. అదే యూఆర్‌ఎల్లో పెట్టి ఎవరికైనా పంపితే శాతం గుర్తులతో కలిపి తొంభై అక్షరాల తోక. ఇంగ్లీషులో పది అక్షరాల్లో అయిపోయే పని! మన లిపికి ఈ పన్ను ప్రతి చోటా ఉంది. ఎస్ఎమ్మెస్‌లో నూట అరవైకి బదులు డెబ్బై. నోట్‌ప్యాడ్‌లో తెలుగు రాసి మామూలుగా సేవ్ కొడితే అన్నీ ప్రశ్నార్థకాలు. (2019లో గానీ అది యూటీఎఫ్-8కి మారలేదు.) మైఎస్క్యూఎల్ వాళ్ళు డిఫాల్టుగా లాటిన్‌ పెట్టుకుని 2018లో 8.0 వచ్చేదాకా కూర్చున్నారు.

ఇక్కడ ఒక ముక్క, పనికొస్తుంది. డేటాబేసులో తెలుగు పాడైందని ఎవరైనా మీ దగ్గరికొస్తే ముందు అది ఎలా పాడైందో చూడండి. నెత్తిన గీతున్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ ఏ, మళ్ళీ డిగ్రీ... ఇలా కనపడుతుంటే కంగారు పడొద్దు, బైట్లు బతికే ఉన్నాయి, వేరే కళ్ళద్దాలతో చూస్తున్నాం అంతే. అన్నీ ప్రశ్నార్థకాలైతే మాత్రం అయిపోయింది. అక్కడ నిజంగానే ప్రశ్నార్థకాలే రాసి ఉన్నాయి. దండం పెట్టి బ్యాకప్ ఉందా అని అడగండి.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్ల గొడవ గుర్తుందా? జ్ఞా అన్న అక్షరాన్ని ఒక రకంగా, మధ్యలో కనపడని విడదీత గుర్తు పెట్టి పంపితే ఫోను కుప్పకూలేది. నెలాఖరులోపే 11.2.6 వదిలి సరిచేశారు. ప్రపంచమంతా తెలుగు అక్షరం ప్రమాదకరం అని వార్తలు రాసింది. మనం నవ్వుకున్నాం. రాయలవారి జ్ఞానచింతామణి బతికుంటే దాని పేరు కొట్టడానికి కూడా భయపడేవాళ్ళం ఆ వారం :)

సరే, హోస్టింగ్ సంగతికొద్దాం. జియోసిటీస్ 2009 అక్టోబరులో పోయింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు చివర్న. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్లో. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో, పాత ఉత్తరాలన్నీ అంతకు ముందే తుడిచేశారు. ఈ నాలుగు చోట్లా తెలుగువాళ్ళు పిచ్చిగా రాసుకున్నారు. పద్యాల మీద తగాదాలు, ఊరి కబుర్లు, పెళ్ళి ఫోటోలు. అన్నిటికీ ముందుగా నోటీసు ఇచ్చారు, నిజమే. నోటీసు చదివేవాడు ఉండాలి కదా. ఆ ఈమెయిలు ఐడీ వదిలేసి పదేళ్ళైనవాడికి, అసలు మనిషే పోయినవాడికి ఎవరు చెబుతారు?

డబ్బు కట్టి తీసుకుంటే భద్రం అనుకోవడం కూడా ఒక భ్రమే. పేరెందుకు గానీ, నేను కొన్నేళ్ళు డబ్బు కట్టిన ఒక హోస్టింగ్ కంపెనీ "రోజువారీ బ్యాకప్" అని గొప్పగా చెప్పేది. అడిగి చూస్తే ఆ బ్యాకప్ ఉండేది అదే మెషిన్లో ఇంకో ఫోల్డరు. ఇది చిన్న కంపెనీల జబ్బు మాత్రమే కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ వాళ్ళ డేటా సెంటరు తగలబడింది. బ్యాకప్ కూడా ఆ ఆవరణలోనే పెట్టుకున్న కస్టమర్లు రెండూ పోగొట్టుకున్నారు.

దివిసీమ వాళ్ళకి ఈ విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. 1864 నవంబరు 1న ఉప్పెన బందరుని ముంచితే సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకి పైగా. మనుషుల లెక్కే తేలని చోట కాగితాల లెక్క అడగడం బాగుండదు. కానీ అడగక తప్పదు. పొలాల దస్తావేజులు, బడి రిజిస్టర్లు, చంటిపిల్లల ఫోటోలు, తాతలు రాసిన పద్యాల పుస్తకాలు... ఒకే ఊళ్ళో ఉన్న కాపీలు ఎన్నైనా నీటి లెక్కలో ఒక్కటే. ఆ పక్కనే, పద్దెనిమిదో శతాబ్దంలో ఈ సీమలోనే బతికిన కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళ స్వామిని నిందిస్తూనే స్తుతించిన ఆంధ్రనాయక శతకం ఇవాళ్టికీ ఉందంటే, అది జనం నోళ్ళలోనూ, ఎక్కడెక్కడో అచ్చు పుస్తకాల్లోనూ ఉండబట్టి. ఉప్పెన నాటికి ఆ శతకం దివిసీమకి బయట కూడా ఉంది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి కూడా ఇంతే. 2000లలో వేల కొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు. సైటు వాడటం నరకం, ఒక్కో పేజీ ఒక్కో బొమ్మ. తర్వాత ఆ సైటే మూతపడింది. ఇవాళ ఆ పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతున్నాయంటే, ముందే ఎవరో కాపీలు దించి అక్కడ ఎక్కించబట్టే. బ్రౌన్ దొర పని ఇప్పుడూ జరుగుతోంది, జీతం లేకుండా.

అందుకే "ఏ హోస్టింగ్ మంచిది" అని ఎవరైనా అడిగితే నాకు విసుగు. ఏదైనా ఒకటే అండీ, ఎలాగూ మారతారు. డొమైన్ మీ పేరున ఉందా లేక సైటు చేసిపెట్టిన కుర్రాడి పేరున ఉందా? రాసిందంతా ఒక్క జిప్ ఫైలుగా దించుకుని, నెట్ పీకేసి, మామూలు బ్రౌజర్లో తెరిస్తే చదవగలరా? ఈ రెండూ అడుగుతాను. ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలు 1996వి ఇప్పుడూ తెరుచుకుంటాయి. అదే పీహెచ్‌పీ మారిన ప్రతిసారీ పాత సీఎమ్మెస్‌ల సైట్లు టపాటపా రాలిపోవడం చూస్తూనే ఉన్నాం. ఫ్యాషన్ ఫ్రేమ్‌వర్కుల మాట ఎత్తను, తగాదాలొస్తాయి.

ఫాంట్ల విషయంలో మాత్రం మనకి మంచి రోజులొచ్చాయి. సిలికానాంధ్ర వాళ్ళు 2010ల మొదట్లో వదిలిన తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. వాటిలో ఒకదాని పేరు శ్రీకృష్ణదేవరాయ. ఇంకోటి మండలి, 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యామంత్రి మండలి వెంకటకృష్ణారావు గారి పేరున. ఆయనది దివిసీమే. ఫాంటు మారిస్తే అందం మారుతుంది, రాసింది మారదు. 2000లో ఇది మనకి లేదు.

అచ్చు పుస్తకాల లోకం ఇంకా ఆ 2000లోనే ఉంది. డీటీపీ షాపుల్లో పెళ్ళికార్డు నుంచి కవితా సంపుటి దాకా ఇవాళ్టికీ అను ఫాంట్లే. పాత పుస్తకాలైతే పేజ్‌మేకర్ ఫైళ్ళు. 2001లో 7.0 వచ్చాక పేజ్‌మేకర్‌కి కొత్త వెర్షనే లేదు, కొత్త ఇన్‌డిజైన్లు ఆ ఫైళ్ళని తెరవవు. మొన్నామధ్య గుడివాడ వైపు ఒకాయన, తన తండ్రి 2002లో వేయించిన పుస్తకం మళ్ళీ వేద్దామని, ఆ షాపు వాళ్ళిచ్చిన సీడీ పట్టుకొచ్చాడు. షాపు లేదు, ఆపరేటరు ఎక్కడున్నాడో తెలీదు. అదృష్టం కొద్దీ సీడీ తిరిగింది, ఫైలు కాపీ అయింది, తెరిచే సాఫ్ట్‌వేరు లేదు. "ఇంట్లో అచ్చు కాపీ ఏమైనా ఉందాండీ" అని అడిగితే రెండున్నాయన్నాడు, ఒకదానికి అట్ట లేదట. అట్ట లేనిదే తెమ్మన్నాను, స్కానర్ మీద బాగా పరుచుకుంటుందని.